న్యాయమైన కొలత: క్లౌ దొరగారి జీవితము

బస్తరు సీమలో, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు చెందిన బీజాపూర్ జిల్లాలో, ఆవపల్లి యను ఊరు గలదు. బీజాపూరునుండి బాసగూడకు పోవు దారిలో, అడవుల నడుమనున్న ఈ ఊరి పేరులోనే తెలుగు పలుకు వినబడుచున్నది. ఆ ప్రాంతపు పల్లెల ప్రజలలో అనేకులు ప్రతి సంవత్సరము మిరప కోతల కాలమున గోదావరి దిక్కుగా బయలుదేరి తెలంగాణ పొలములకు కూలికి వచ్చుచుందురు. గిన్నెలు, గుడ్డలు మూటగట్టుకొని, పసిపిల్లలను చంకనెత్తుకొని వచ్చిన ఆ కుటుంబములకు దినదినము మూడు పరీక్షలు ఎదురగును. యజమాని చూడనప్పుడు చేతులు పని చేయునా? కాయలు తూచునప్పుడు, కూలి లెక్కించునప్పుడు త్రాసు సరిగా నిలుచునా? చీకటిపడి గుడిసెల యొద్ద కూర్చున్నప్పుడు పొరుగువానిని గూర్చి నోట ఎట్టి మాట వచ్చును?

ఈ పరీక్షలు కూలివానికి మాత్రమే కావు. మేస్త్రీకిని, ఆసామికిని, కచేరీలో కూర్చున్న గుమాస్తాకును, సంఘములో కూర్చున్న పెద్దకును ఇవియే ఎదురగుచున్నవి. సామెతల గ్రంథము సోమరిని బుద్ధి నేర్చుకొనుటకు చీమల యొద్దకు పంపుచున్నది. దొంగ తూనికను దేవుడు ఓర్వడని బోధించుచున్నది. చాటుమాటలు ప్రాణస్నేహితుల నడుమ కూడ గోడ కట్టునని హెచ్చరించుచున్నది. ఉజ్జీవ సభలలో వినబడు గొప్ప సంగతుల యెదుట ఇవి మిక్కిలి చిన్నవిగా మనకు తోచును. అయితే తెలుగు దేశమున సువార్త పంట విస్తారముగా పండిన దినములను తరచి చూచిన యెడల, ఆ పంటకు ముందు ఒక కాలువ గట్టున ఈ చిన్న సంగతులే దున్నబడి విత్తబడెనని కనబడును. ఆ దినములలో దేవుడు వాడుకొనిన సేవకుడు ఒంగోలు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు.

క్లౌ దొరగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా దేశమందలి న్యూయార్కు రాష్ట్రములో జన్మించిరి. వారి కుటుంబము మంచి భూమిని వెదకుచు పడమటి దిక్కునకు తరలిపోయి, తుదకు అయోవా రాష్ట్రమున స్థిరపడెను. ఆ కాలపు పడమటి సీమలో పని చేయని చేతికి అన్నము లేకుండెను. పొలము పనులతో పెరిగిన ఆ బాలుడు యౌవనమున మిన్నెసోటా సీమలో ప్రభుత్వ భూములను కొలుచు సర్వే దళములో పనికి చేరెను. అడవిలోను చిత్తడి నేలలోను గొలుసు పట్టుకొని భూమిని కొలుచుట కష్టమైన పని. అంతకంటెను అది నమ్మకమును కోరు పని. గొలుసు ఒక్క మూర తప్పిన యెడల ఒకని పొలము మరియొకనికి పోవును. కొలిచినవాడు వెళ్లిపోవును, ఆ తప్పు మాత్రము తరతరములు నిలుచును. ఈ విద్య ఒకనాడు సముద్రముల కవతల ఆకలిగొనిన వేలమంది ప్రాణములను నిలుపుటకు పనికివచ్చునని ఆ యువకుడు ఎరుగడు.

ఆయన న్యాయవాది కావలెనను కోరికతో అయోవాలోని బర్లింగ్టన్ పట్టణమున విద్యాలయములో చేరిరి. భక్తి విషయములయందు అప్పటికి ఆయనకు ఆసక్తి లేకుండెను. అయితే ఆ విద్యాలయములోనే దేవుడు ఆయనను పట్టుకొనెను. మారుమనస్సు పొంది, బాప్తిస్మము తీసికొని, న్యాయస్థానము వైపు తిరిగిన ముఖమును సువార్త సేవ వైపు త్రిప్పిరి.

ఆ దినములలో అమెరికా బాప్టిస్టు మిషనువారికి తెలుగు దేశములో ఒక్క నెల్లూరు స్టేషను మాత్రమే ఉండెను. 1836లో శామ్యూల్ డే దొరగారు ఆరంభించిన ఆ సేవ అనేక సంవత్సరములు ఫలము లేక క్షీణించియుండగా, దానిని మూసివేయవలెనను ఆలోచన మిషను సభలలో ఒకటికంటె ఎక్కువమారులు వచ్చెను. ఆకాశమున ఒంటరిగా నిలిచిన నక్షత్రమువంటిదని దానికి పేరు వచ్చెను. జూయెట్ దొరగారు మాత్రము తెలుగువారిని విడువనొల్లకపోయిరి. ఆయన, ఆయన భార్యయు కొందరు తెలుగు విశ్వాసులతో 1854వ సంవత్సరము మొదటి దినమున తెల్లవారుజామున ఒంగోలులోని కొండనెక్కి, ఆ ప్రాంతమునకు సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ ప్రార్థనకు జవాబు వచ్చుటకు పండ్రెండు సంవత్సరములు పట్టెను. 1864 నవంబరులో క్లౌ దొరగారు తమ భార్యయైన హేరియట్ దొరసానిగారితోను జూయెట్ దొరగారితోను బోస్టను రేవున ఓడనెక్కి, 1865 ఏప్రిలులో చెన్నపట్టణము చేరిరి. 1866 సెప్టెంబరులో ఒంగోలున కాపురముండిరి.

ఆ సంవత్సరమే తాళ్లకొండపాడు గ్రామస్థుడైన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందియుండెను. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. సత్యమును వెదకుచు యోగ మార్గమున గురువుల యొద్ద శుశ్రూష చేసినవాడు. క్రీస్తును కనుగొనిన తరువాత ఆయన తోళ్ల వ్యాపారము నిమిత్తము నడిచిన దారులే సువార్త దారులాయెను. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వెళ్లగా, పేరయ్య బోధ విని సిద్ధపడిన ఇరువది యెనిమిది మంది బాప్తిస్మము పొందిరి. తన చేతి పని మానక, ఆ పనిలోనే దేవుని పనిని చేసిన ఈ పేరయ్యను తెలుగు సంఘము ఎన్నటికిని మరువరాదు.

అంతట ఒంగోలులో పెద్ద చిక్కు కలిగెను. మిషను పాఠశాలకు వచ్చుచున్న అగ్రవర్ణములవారు, మాదిగవారిని చేర్చుకొనిన యెడల తాము రాలేమని తెలియజేసిరి. వారు వచ్చిన సేవకు గౌరవము, పలుకుబడి కలుగును. వారు పోయిన యెడల పాఠశాల ఖాళీయగును. దొరగారును దొరసానిగారును వేరువేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో ఒక్క భాగమే కనబడెను. లోకము నీచముగా నెంచినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగమది. ఇద్దరును ఒకరినొకరు చూచుకొని సంగతి గ్రహించిరి. మాదిగవారు చేర్చుకొనబడిరి, పాఠశాల చెదరెను.

క్రొత్త విశ్వాసులకు ఆయన నేర్పిన నియమములు పెద్ద శాస్త్రములు కావు. విగ్రహములకు మ్రొక్కరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, ఆదివారమున పని చేయరాదు. మొదటిది ఆత్మకు చెందినది. తక్కిన రెండును కడుపుకును కూలికిని చెందినవి. అందుచేతనే అవి కష్టమైనవి. తరతరములుగా ఊరి పశువుల కళేబరములు మాదిగవారి పాలు. ఊరివారు పిలిచిన దినమున వెట్టికి పోవుట వారి విధి. ఈ రెండింటిని కాదనినప్పుడు గ్రామాధికారులు, ఆసాములు ఆగ్రహించిరి. పనులు ఆగిపోయెను. బావులు, దారులు మూయబడెను. చేయని దొంగతనములు విశ్వాసులపై మోపబడెను. ఒకని నోటినుండి ఒకని నోటికి పోయిన నింద ఒక కుటుంబమును అన్నము లేకుండ చేయగలదని ఆ పల్లెల ప్రజలకు తెలిసినట్లు మరెవరికిని తెలియదు. ఇట్టి నిందలను సహించిన ఆ సంఘమునకు, తాము ఇతరులపై నిందలు మోయరాదను పాఠము పుస్తకమునుండి కాక తమ గాయములనుండియే దొరకెను.

ఇట్లుండగా 1876లో వానలు తప్పెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనిన ఆ మహా క్షామము 1878 వరకు దక్షిణ దేశమును పీడించి లక్షలాది ప్రాణములను మ్రింగెను. పశువులు చచ్చెను, విత్తనపు గింజలు కూడ తినబడెను, అమ్మలు పిల్లలను పోషింపలేక తపించిరి. ప్రభుత్వము కరువు పనులు పెట్టెను గాని, 1877లో ఆ పనివారి దినభత్యమును ఒక్క పౌను ధాన్యమునకు తగ్గించవలెనని సర్ రిచర్డ్ టెంపుల్ సలహా ఇచ్చినప్పుడు, ఆ కొలత మనుష్యుని నిలుపజాలదని చెన్నపట్టణములోని వైద్యాధికారులే వాదించిరి. కొలతను ఒక్క పిడికెడు తగ్గించుట కాగితముమీద చిన్న సంగతి. తట్ట మోయువాని దేహములో అది చావు బ్రతుకుల సంగతి.

ఆ సమయమున సముద్ర తీరము వెంబడి కాలువ త్రవ్వు పని ప్రభుత్వమువారు చేయించుచుండిరి. అప్పటి చెన్నపట్టణపు గవర్నరు పేరున దానికి బకింగ్‌హామ్ కాలువయని పేరు నిలిచినది. ఇతర శిబిరములలో పైవిచారణకర్తలచేత మాదిగ కూలివారికి అవమానము, అన్యాయము జరుగుచుండుట చూచి, క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల కాలువ పనిని తామే కంట్రాక్టుగా తీసికొనిరి. మిన్నెసోటా అడవులలో నేర్చుకొనిన కొలత విద్య ఇప్పుడు అక్కరకు వచ్చెను. రాజుపాలెము యొద్ద శిబిరము వెలసెను. తాటాకు గుడిసెలు లేచెను. వేలకొలది స్త్రీ పురుషులు చేరిరి. బలముగలవారు త్రవ్విరి, స్త్రీలు మట్టి తట్టలు మోసిరి. సంఘపు ప్రసంగీకులే మేస్త్రీలై గుంపులను నడిపించిరి.

దొరగారు చేతిలో డబ్బు పట్టుకొని వరుసగా పంచిపెట్టిన యెడల సులువుగా నుండెడిది. అట్లు చేయక పని కల్పించుటలో లోతైన వివేకమున్నది. ఊరక ఇచ్చిన అన్నము ఆకలిని తీర్చును గాని మనుష్యుని తల వంచును. పని చేసి పొందిన అన్నము ఆకలిని తీర్చి తల నిలుపును. చేతకానివారిని, రోగులను ఆదుకొనుట వేరు. చేతులున్నవానికి ఆ చేతుల విలువను నేర్పుట వేరు. తరతరములుగా వెట్టికి పోయి, చేసిన పనికి లెక్క అడుగుటకు నోరు లేని జనులు ఇక్కడ తమ చెమటకు కూలియున్నదని, ఆ కూలి తమ చేతికే వచ్చునని మొదటిమారు చూచిరి.

మట్టి పనిలో మోసమునకు వీలు అనేకము. లోతు కొలుచుటకు గుంట నడుమ కదల్పక విడుచు మట్టి దిమ్మెపై రాత్రివేళ మరికొంత మట్టి వేసిన యెడల, త్రవ్వనిది కూడ త్రవ్వినట్లు కనబడును. కూలివానికి అది శోధన. ఇరువదిమంది పని చేయగా ముప్పదిమంది పేర్లు వ్రాయుట మేస్త్రీకి శోధన. వచ్చిన కూలిలో కొంత నడుమనే నిలిచిపోవుట కంట్రాక్టరుకు శోధన. ఆకలి దినములలో ఈ శోధనలు మరింత బలముగా నుండును. ఎందుకనగా ఆకలి ప్రతి మోసమునకును ఒక సాకు నిచ్చును. ఇట్టి చోట పగలు కొలత చూచువాడే సాయంకాలము సువార్త చెప్పవలసియుండెను. పగటి కొలత తప్పిన యెడల సాయంకాలపు ప్రసంగము వినువాడు లేడు. ప్రయాసపడి భారము మోయువారిని క్రీస్తు పిలుచుచున్నాడను మాటను ఆ మట్టి తట్టల జనులు మరల మరల చెప్పించుకొని వినిరి. తమ భారమును న్యాయముగా కొలిచినవారి నోట వచ్చినందున ఆ మాట వారి హృదయములో దిగెను.

వేలమంది విశ్వసించి బాప్తిస్మము అడుగసాగిరి. ఇప్పుడు దొరగారికి అన్నిటికంటె కఠినమైన పరీక్ష వచ్చెను. అన్నము కొరకు మతము మార్చుకొనుచున్నారను మాట అప్పటికే దేశమున వ్యాపించెను. ఆ మాట చెప్పువారు బయటివారు మాత్రమే కారు, క్రైస్తవులలోను అనేకులుండిరి. నోళ్లను మూయించుట ఎవరి తరము? అయితే ఆ మాట నిజము కాకుండ చూచుకొనుట తమ చేతిలోనున్నది. అందుచేత కరువు సహాయము సాగుచున్నంత కాలము ఎవరికిని బాప్తిస్మము ఇయ్యరాదని వారు నిశ్చయించి, 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు పదునైదు మాసములు నిలిపివేసిరి.

ఆ నిరీక్షణ వెల లేనిది కాదు. శిబిరములలో కలరా చెలరేగెను. ఆకలికిని తెగులునకును ఎందరో బలియైరి. బాప్తిస్మము కోరియు పొందకయే కన్నుమూసినవారు ఆ జనములో లేకపోరు. అడిగినవారిని కాదనుట సేవకుని హృదయమునకు ఎంత భారము! లెక్కలు పెరుగవలెనను ఆశగల మిషనరీకి అది ఎంత శోధన! అమెరికాకు వ్రాసి పంపుటకు వేల సంఖ్య సిద్ధముగానుండగా వారు ఆ సంఖ్యను ముట్టలేదు. దొంగత్రాసు అంగడిలో మాత్రమే యుండదు. సంఘపు పుస్తకములోను ఉండగలదు.

1878 జూన్ నెలలో క్లౌ దొరగారు ఒంగోలుకు పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ నది యొద్దనున్న వెల్లంపల్లిలో జనులను కలిసికొనిరి. ఇక సహాయము లేదని, డబ్బు ముగిసినదని, ఇండ్లకు వెళ్లవలసినదని వారికి స్పష్టముగా చెప్పిరి. అప్పుడు ఆ జనులు తమకు డబ్బు వద్దనిరి. తాము పని చేసినవారమని, ఇకమీదటను పని చేయుదుమని, దానికి తమ చేతుల బొబ్బలే సాక్ష్యమని చెప్పిరి. రాబోవు పంట కూడ తప్పిన యెడల చావు తప్పదు గనుక, క్రైస్తవులుగానే చావగోరుచున్నామని, బాప్తిస్మమిమ్మని వేడుకొనిరి. బొబ్బలెక్కిన అరచేతులు చాచినది యాచించుటకు కాదు. తమ నిజాయితీని చూపుటకు. దొరగారు ప్రక్కకు వెళ్లి ప్రసంగీకులతో ఆలోచించి, ఇక తాము అడ్డగింపరాదని గ్రహించిరి.

అప్పుడును తొందరపడలేదు. జనులు గ్రామముల వారీగా కూర్చుండబెట్టబడిరి. ఆ గ్రామములను ఎరిగిన ప్రసంగీకులు ఒక్కొక్కరిని విచారించి, వారి నడతను గూర్చి సాక్ష్యమిచ్చి, పేర్లు వ్రాసిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. ఇద్దరిద్దరు ప్రసంగీకులు వంతులవారీగా ఉదయము, సాయంకాలము నీటిలో నిలిచి ఆ సేవ జరిపిరి. ఆ 2,222 మందిలో క్లౌ దొరగారి చేత బాప్తిస్మము పొందినవాడు ఒక్కడును లేడు. ఎండలో కాలువ గట్టున జనులతో నిలిచిన తెలుగు సేవకులకే ఆ గౌరవము దక్కెను. ఆ సంవత్సరాంతమునకు బాప్తిస్మము పొందినవారి సంఖ్య 9,606 ఆయెను. కొంత కాలమునకు ఒంగోలు సంఘము ప్రపంచములోని బాప్టిస్టు సంఘములలోనెల్ల పెద్దదిగా పేరుపొందెను.

అన్నము క్రైస్తవులను నింద ఆ తరువాతను పూర్తిగా ఆగలేదు. వేలమందిలో అందరును కడవరకు నిలిచిరనియు చెప్పరాదు. అయితే సహాయము ముగిసిన తరువాత వచ్చినవారిని సహాయము కొరకు వచ్చిరని ఎట్లు చెప్పగలరు? పాఠశాలలు వెలసెను, ఊరి వెలుపల పుట్టిన పిల్లలు ఉపాధ్యాయులు, ప్రసంగీకులు, వైద్య సేవకులు అయిరి. క్లౌ దొరగారు దాదాపు నలువది సంవత్సరములు తెలుగు దేశమున సేవ చేసి, వృద్ధాప్యమున స్వదేశమునకు వెళ్లి, 1910వ సంవత్సరము నవంబరు 24వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరు పట్టణములో ప్రభువునందు నిద్రించిరి. వారి పేరున వెలసిన ఆసుపత్రి ఒంగోలు ప్రజలలో వారి జ్ఞాపకమును నిలిపినది.

ఆ కాలువ గట్టునుండి ఆవపల్లి కూలివాని మిరప చేనికి దూరము ఎక్కువ లేదు. ఎవరును చూడనప్పుడును వంగి కోయు చేయి, మోసము లేని త్రాసు పట్టుకొను చేయి, పొరుగువాని పేరు చెడకుండ మూసికొను నోరు ఈ దినమున కూడ దేవునికి కావలెను. మనలను గూర్చి ఇతరులు చెప్పుకొను మాటలకు మనము అధికారులము కాము. అవి నిజము కాకుండ బ్రదుకుటకు మాత్రము మనమే బాధ్యులము. ప్రియ చదువరీ, గొప్ప ఉజ్జీవము కొరకు ప్రార్థించుట మంచిదే. మోకరించుటకు ముందు ఒక్కమారు అరచేతులను తెరచి చూచుకొనుము. నేటి పనిని గూర్చి, నేటి కొలతను గూర్చి, నేటి మాటను గూర్చి అవి దేవుని యెదుట ఏ సాక్ష్యము చెప్పుచున్నవో నీకే తెలియును.